అపరవయస్సున ఆదితాళము

వృద్ధాప్యమున సంగీతము నేర్వబూనుట నాతో మొదలైన ఉపద్రవము కాదు. గ్రీకు దేశమున సోక్రటీసంతటి జ్ఞాని, తల నెరసిన పిమ్మట, కొన్నసు అను తంత్రీవాద్యోపాధ్యాయుని చెంత జేరి పసిపిల్లల నడుమ గూర్చుండి పాఠము చెప్పించుకొనుచుండగా, ఆ పిల్లలు ఆయనను జూచి నవ్వుటయేగాక, ఏ పాపమెరుగని యా యుపాధ్యాయునికి గూడ 'ముసలివాండ్ర పంతులు' అని పేరు పెట్టిరట. ఈ సంగతిని ప్లేటో తన 'యూథిడెమసు' అను సంవాదమున సోక్రటీసు నోటనే చెప్పించినాడు. నేను ఈ వృత్తాంతమును మా గురువుగారికి సవిస్తరముగా విన్నవించి, నాకు పూర్వులు గలరని ధైర్యము చెప్పబోగా, ఆయన కొంతసేపు ఊరకుండి, "ఆ కొన్నసుగారు తర్వాత ఏమయ్యారండీ?" అని మాత్ర మడిగిరి.

మా ఊరు సత్తెనపల్లి. 2022 ఏప్రిలు వరకు గుంటూరు జిల్లాలో నుండి, ఆ నెలలో పల్నాడు జిల్లాలోనికి వచ్చినది. ఊరు తనచోట తానుండగనే జిల్లా కదలిపోవుట కన్నులార చూచిన మాకు, పాట తనచోట తానుండగనే తాళము కదలిపోవుట విడ్డూరముగా తోచరాదని నేను వాదించితిని గాని, గురువుగారు అంగీకరింపలేదు. పత్తి మిల్లులో బేళ్ళకును బోరెములకును వారపుకూలి చెల్లింపులకును పద్దులు వ్రాయుచు ఉద్యోగకాలమెల్ల గడపినవాడను. చిన్ననాడు మా నాన్నగారు "చదువు చెడుతుంది" అను ఒక్క మాటతో వాయిదా వేసిన సంగీతమును, చదువునకు ఇక చెడు అవకాశము లేదని రూఢియైన పిమ్మట తిరిగి చేపట్టితిని. స్వరమునుగూర్చి నాకు కొంత భయముండెను. తాళమునుగూర్చి మాత్రము లవలేశమును లేదు. ఏలయన, ఆదితాళమనగా ఎనిమిది లెక్కించుట. ఏడాది జమాఖర్చును పైసలతోసహా సరిచూచి సంతకము చేసినవానికి ఎనిమిది లెక్కించుట ఇంకొకరు నేర్పవలెనా?

శాస్త్రమున తాళము లేడు: ధ్రువము, మఠ్యము, రూపకము, ఝంప, త్రిపుట, అట, ఏకము. వీనిలో ఒక్కొక్కదానికి తిస్రము, చతురస్రము, ఖండము, మిశ్రము, సంకీర్ణమునను అయిదేసి జాతులుండుటచే మొత్తము 35. గతిభేదములను గూడ కూడినచో 175. ఈ పట్టికను గడులు గీసి, అడ్డముగను నిలువుగను మొత్తములు వేసి, ఒక సాయంకాలమున గురువుగారికి సమర్పించితిని. ఆయన దానిని మిక్కిలి మర్యాదతో ఇరుచేతుల నందుకొని, "లెక్క సరిపోయింది బాబాయిగారూ, ఇక తాళం వెయ్యండి" అనిరి. ఆయన నా కుమారునికంటె చిన్నవాడు; నన్ను బాబాయిగారూ అనును, నేను ఆయనను గురువుగారూ అందును. ఇరువురము ఒకరి నొకరు గౌరవించుకొనుటలో కొంత పాఠకాలము వ్యయమగుచుండును గాని, అది తాళముతో నిమిత్తము లేని కాలమగుటచే నాకు మిక్కిలి సుఖముగ నుండును.

తొడపై నొక దెబ్బ. పిమ్మట చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు, నడిమివ్రేలు: ఇది లఘువు. దెబ్బ, చేయి వెలికిలద్రిప్పుట. మరల దెబ్బ, మరల త్రిప్పుట: ఇవి రెండు ద్రుతములు. చతురస్రజాతి త్రిపుటతాళమని శాస్త్రమున ఇంత గంభీరమైన పేరున్న ఈ వ్యవహారమును, నా ప్రక్కన గూర్చున్న రెండవ తరగతి బాలిక, కిటికీలోనుండి వీథిని బోవు ఐసుబండిని చూచుచు, ఎడమచేత జడకుచ్చును త్రిప్పుకొనుచు, నిర్దుష్టముగా నిర్వహించుచుండెను. నేనన్ననో, సర్వేంద్రియములను కుడిచేతియందు నిలిపి, శ్వాసను గూడ బంధించి వేయుచుంటిని. ఆ బాలిక ఐసుబండి కనుమరుగైన పిమ్మట నావైపు తిరిగి, "తాతగారూ, మీ నడిమివేలు ముందే వచ్చేసింది" అని, మరల కిటికీవైపు తిరిగెను.

నా తాళమునకు గల స్వభావమును గురువుగారు క్రమక్రమముగా కనుగొనిరి. వచ్చిన స్వరముపై పరుగు, రాని స్వరముపై దేకుట. సరళీస్వరములను మూడు కాలములలో పాడవలెనను నియమము పురందరదాసులనాటినుండి వచ్చుచున్నది గదా. రెండవ కాలము మొదటిదానికి రెండింతలు, మూడవది నాలుగింతలు. నా రెండవ కాలము ఒకటిన్నర యింతలుగ నుండెడిది. మూడవ కాలము ఎన్ని యింతలో తేల్చుటకు గురువుగారికిని సాధ్యముగాలేదు. ద్రుతమున చేయి త్రిప్పుటకు విసర్జితమని పేరు. దానికిని ఒక పూర్తి అక్షరకాలము చెల్లింపవలెను. నేను దానిని పేరునకు తగినట్లు విసర్జించుచుంటిని. చప్పుడు లేని క్రియకు కాలము వెచ్చించుట వ్యర్థమని నా మనస్సులోని పద్దుల గుమస్తాకు ఎచ్చటనో గట్టి నమ్మక ముండెను గాబోలు. ఒకనాడు గురువుగారు మృదంగము ప్రక్కకు దించి, "దెబ్బ మీరు బాగానే కొడతారు బాబాయిగారూ. రెండు దెబ్బల మధ్యే మీరు ఇంట్లో ఉండటం లేదు" అనిరి. శ్రుతి తల్లి, లయ తండ్రి అని పెద్దలందురు. తల్లి బుజ్జగింపగ వినినవాడను. తండ్రితో మాత్రము ఈ వయస్సున మరల పేచీ వచ్చినది.

ఆ రాత్రి నేను గ్రంథములను, గ్రంథములకంటె శీఘ్రముగా నిరాశపరచు సెల్‌ఫోనును శోధించి, నా పక్షమున సాక్ష్యము సేకరింపబూనితిని. దొరికిన మొదటి సాక్ష్యమే నాకు ప్రతికూలము. 2009లో హంగరీ రాజధాని బుడాపెస్టునందు కొందరు శాస్త్రజ్ఞులు పుట్టి రెండు మూడు దినములైన శిశువులు నిద్రించుచుండగా డప్పుల వరుస యొకటి వినిపించి, నడుమ నడుమ మొదటి దెబ్బను మాత్రము తప్పించిరట. ఆ తప్పిన చోటెల్ల శిశువుల మెదడు ఉలికిపడినట్లు యంత్రములు నమోదు చేసినవట. అనగా ఉయ్యాలలోని పసికందు నిద్రలో సైతము సమము కొరకు ఎదురుచూచును! నేనును ఒకప్పుడు ఆ యీడువాడనే గదా. ఆ ఆస్తి నా పేర నుండవలసినదే గదా. అది ఏ సంవత్సరపు ఖాతాలో ఎవరికి చెల్లింపబడినదో కనుగొనుటకు ఆధారములు లేకపోయినవి. రెండవ సాక్ష్యము కొంత ఊరటనిచ్చినది. క్రమమైన చప్పుడునకు వ్రేలు తట్టుమని ఎవరిని నియోగించినను, వారు చప్పుడుతో సమముగాగాక, సెకనులో కొన్ని నూరవ వంతులు ముందుగనే తట్టుదురట. తాము సరిగనే తట్టుచున్నామని నమ్ముదురట. కావున ముందుగా పోవుట నా యొక్కని దోషము కాదు, మనుష్యజాతి దోషము. సంగీతాభ్యాసము గలవారియందు ఈ దోషము తక్కువగ నుండునను వాక్యమును నేను గురువుగారికి చదివి వినిపింపలేదు.

పిదప యంత్రోపాసన. కాలమును కొలిచి చప్పుడు చేయు మెట్రోనోము అను సాధనము ఆమ్‌స్టర్‌డాములో వింకెలు అనువాని బుద్ధినుండి పుట్టగా, మెల్జెలు అనునాతడు దానికి మెరుగులు పెట్టి 1815లో తన పేర హక్కులు పొందెను. 1817లో బీథోవెన్ తన కృతులకు ఆ యంత్రపు అంకెలను వేసెను. ఆయన యిచ్చిన అంకెలలో కొన్ని వాయించుటకు శక్యముగానంత వేగముగ నున్నవని, యంత్రమే చెడి యుండునని, విద్వాంసులు నేటికిని వివాదపడుచున్నారు. ఈ వివాదము నాకు అమృతప్రాయమయ్యెను. సెల్‌ఫోనులో నేను దింపుకొన్న మెట్రోనోము గూడ మొదటి రెండావర్తములు సక్రమముగ నడచి, మూడవదానియందు కుంటుట నేను స్వయముగ గమనించితిని. గురువుగారికి చూపగా ఆయన చెవియొగ్గి విని, యంత్రము ఆరోగ్యముగనే యున్నదనిరి. మా ఇంటావిడ మాత్రము ఆ చప్పుడు వినబడిన ప్రతి పర్యాయము వంటింటి కుళాయి కట్టి వచ్చుచుండెను.

యంత్రము కాదన్న పిమ్మట రైలు. మా ఊరు గుంటూరునుండి నడికుడి మీదుగ సికింద్రాబాదు పోవు మార్గమున నున్నది. బాల్యమున రైలెక్కినప్పుడెల్ల, పట్టాల అతుకులపై చక్రములు దాటునప్పటి చప్పుడు 'తకధిమి తకధిమి' యని ఎంత నిలుకడగ నుండెడిదో జ్ఞప్తికి దెచ్చుకొని, గుంటూరు పోవు బండిలో కిటికీ ప్రక్కన గూర్చుండి చేయి తొడపై నుంచితిని. చప్పుడు లేదు. ఇప్పుడు పట్టాలను మైళ్ళకొలది అతికి ఏకముగ చేసినందున అతుకులు లేవు, అతుకులు లేనందున తాళము లేదు. భారత రైల్వేలు ప్రయాణికుల సౌఖ్యమునకై చేసిన మహోపకారము, ఒక్క సంగీత విద్యార్థికి అపకారముగ పరిణమించినది. ఎదుట గూర్చున్న పెద్దమనిషి నా చేతిని కొంతసేపు పరిశీలించి, కాలు తిమ్మిరెక్కినచో లేచి రెండడుగులు నడువుమని సలహా యిచ్చెను.

ఇక మాఘ ఫాల్గుణములు వచ్చినచో మా ప్రాంతమున సంగీతసాధన వేరొక కారణమున కఠినతరమగును. చేలప్రక్కన కల్లములనిండ మిరపకాయలు ఎర్రగ ఆరుచుండును, ఆడవారు వరుసగ గూర్చుండి తొడిమలు తీయుచుందురు, టిక్కీల కెత్తిన లారీలు గుంటూరు యార్డునకు బారులు తీరును. ఆ ఘాటు గాలితోగూడ ఊరిలోనికి వచ్చి, శ్రుతి కుదిరిన క్షణముననే ముక్కున జొరబడును. పాట తాళముతో గలసి ఎత్తుకొనుట సమగ్రహము, తాళమునకు ముందే ఎత్తుకొనుట అతీతము, తాళము మొదలైన పిదప ఎత్తుకొనుట అనాగతము. తుమ్ములలో నేను ఈ మూడింటిని నిశితముగ పరిశీలించితిని. అతీతములును అనాగతములును గలవు; సమమున పడిన తుమ్ము ఇంతవరకు నా యెఱుకలో లేదు.

ఇంతకు, ఈ నేల లయ లేని నేల యనుకొందురేమో! నా దురదృష్టమంతయు ఇందే యున్నది. మా ఊరినుండి అమరావతి అంత దూరము గాదు. అచ్చటి స్తూపశిలలపై మద్దెలలు వాయించువారు రెండువేల యేండ్లుగ చేయి ఎత్తియే యున్నారు. చేయి దింపనందుననే వారి తాళము తప్పలేదని నేను నమ్ముదును. మా చిన్నతనమున ఒకే రోటిలో ఇద్దరు స్త్రీలు రెండు రోకళ్ళతో దంచెడివారు. ఒక రోకలి లేచునప్పుడు రెండవది దిగవలెను. దిగు రోకలికి రోటి నడుమ చోటుండవలెను. ఆ నడుమ ఒకరు చేయిపెట్టి పొట్టును ఎగద్రోయవలెను. లేశమాత్రము తడబడినను చేయి దక్కదు. అయినను వారు అత్తలను గూర్చి మాటలాడుకొనుచునే దంచెడివారు; మాట ఆగినను పోటు ఆగెడిది కాదు. వీథిలోనికి దూదేకువాడు వచ్చినచో, పెద్దవింటికి బిగించిన నరమును కొయ్యగుదియతో మీటుచు, పాతపరుపులోని దూదిని పొగమంచుగ ఎగురవేయుచు, ఎండ వాలువరకు ఒకే నడకతో పని సాగించెడివాడు. ఆ నాదము నాకు నేటికిని వినవచ్చును. దానిని కొలుచుటకు అప్పుడు ఎవరును యంత్రము తేలేదు.

ఆ దూదేకుల వంశముననే గదా బుర్రకథా పితామహుడు షేక్ నాజర్ పుట్టినది! తాడికొండ దగ్గరి పొన్నెకల్లు ఆయన స్వగ్రామము, పుట్టినది 1920, 1986లో పద్మశ్రీ వచ్చినది, ఆయన ఆత్మకథకు 'పింజారి' యనియే పేరు. ఆయన కథ చెప్పుటను నేను చూచితిని. భుజముపై తంబుర, బొటనవ్రేలికి అందె, కాళ్ళకు గజ్జెలు. ముందుకు నాలుగడుగులు, వెనుకకు నాలుగడుగులు. నోట వచనము పరుగెత్తుచుండగ కాలు పరుగెత్తదు. ప్రక్కనున్న గుమ్మెటవాడు హాస్యమాడి సభను నవ్వించుచుండగ, ఆ నవ్వు తగ్గువరకు నాజరు ఆగును, కాని గజ్జె ఆగదు. సభ్యుల నవ్వు ఎక్కడ ముగియునో ముందే తెలిసినవాని వలె సరిగ్గ ఆ చోటుననే పాట ఎత్తుకొనును. ఇట్టి ఆగుటయందలి నేర్పు మా ప్రాంతపు నీటిలో నున్నదా యని నాకొక సందేహము కలదు. సినిమా నటుడు బ్రహ్మానందము పుట్టిన చాగంటివారిపాలెము మాకు సమీపగ్రామమే. ఆయన మాటకంటె, మాట యనుటకు ముందు ఆయన పెట్టు మొగము ఎక్కువ నవ్వించును. ఆ మొగము ఒక లిప్త తగ్గినను నవ్వు రాదు, ఒక లిప్త హెచ్చినను రాదు. ఆ నీటినే త్రాగి పెరిగిన నాకు విసర్జితమున ఒక్క అక్షరకాల మాగుట రాకపోవుటకు మునిసిపాలిటీవారిని నిందింపజాలను.

ఉత్తరమున అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారి ముచ్చట తలపునకు వచ్చినప్పుడు మాత్రము నేను తంబురను గుడ్డ కప్పి పడుకొందును. 1864లో పుట్టి 1945లో పరమపదించిన ఆ హరికథా పితామహుడు, రెండు చేతులతో రెండు, రెండు కాళ్ళతో రెండు, శిరస్సుతో ఒకటిగ, వేర్వేరు తాళముల నైదింటిని ఏకకాలమున నడపి పంచముఖీ పరమేశ్వరుడను బిరుదము వహించెను. భగవంతుడు సృష్టిలో లయను పంచునప్పుడు ఒక్కచోటనే అయిదు పాళ్ళు ఒలుకబోసినచో, ఇతర ప్రాంతముల ఖాతాలలో లోటు రాక తప్పునా? ఇది ఫిర్యాదు కాదు, పద్దు.

నా లోటు పూడుటకు కారణము శాస్త్రముగాని యంత్రముగాని కాలేదు, కోలాటము. రామాలయము కోలాట బృందములో మా ఇంటావిడ రెండేండ్లుగ సభ్యురాలు. ఆమెకు లఘువు తెలియదు, ద్రుతము తెలియదు. త్రిపుట యనిన వంటకమా యని యడిగినది. శ్రీరామనవమికి క్రొత్త కోపు నేర్చుచున్న దినములలో ఆమె జోడీకి జ్వరము వచ్చి, ఇంటి వసారాలో సాధనకు ఎదురుగ నిలుచు మనిషి లేక, నా చేతిలో రెండు కోలలు పెట్టినది. నేను సంతసించి, ఈ కోపు ఏ జాతికి చెందునో, దీనియందు సమ మెచ్చటనో ముందుగ నిర్ణయింతమంటిని. "మీరు నిలబడండి చాలు" అన్నది. ఒకటి, రెండు, మూడు అని లెక్కించుచు నేను కోల విసరగా, అది గాలిని కొట్టెను. నేను వచ్చితిని గాని ఎదురుకోల ఇంకను రాలేదు. రెండవ పర్యాయమును గాలియే. తాళమున ముందుగ పోయినవానికి తొడ యెప్పుడును సిద్ధముగనే యుండును, అందుచే తాను ముందుగ పోయిన సంగతి వానికి తెలియదు. కోలాటమున ముందుగ పోయినవాని భుజము తటాలున ముందునకు లాగబడి, దేహమంతయు సాక్ష్యమిచ్చును. ఆలస్యముగ వచ్చినప్పటి సాక్ష్యము నా బొటనవ్రేలిపై మరి రెండు వారములు నిలిచినది.

"ఏవండీ, లెక్క మానెయ్యండి. నా కర్ర వచ్చేదాకా ఆగి కొట్టండి" అన్నది.

"ఆగినంతసేపు ఏమి చేయవలెను?" అని నేను నిష్కపటముగ అడిగితిని.

"ఏమీ చెయ్యక్కర్లేదు. ఊగుతూ ఉండండి."

శాస్త్రగ్రంథములయందు కానరాని ఈ 'ఊగుట' యను క్రియను నేను చాలదినములు మోకాళ్ళ నొప్పులతోగూడ అభ్యసించితిని. చప్పుడు లేనిచోట దేహము కదలుచునే యుండును. కదలుచుండినచో ఆ చోటు ఖాళీగ తోపదు. ఖాళీగ తోపనిచోట పరుగెత్తుటకు బుద్ధి పుట్టదు. ఈ సిద్ధాంతమును గురువుగారికి చెప్పగా ఆయన సంబరపడి, మెట్రోనోమును వేరొక విధముగ వినియోగించిరి. మొదట ప్రతి అక్షరమునకు చప్పుడు. పిమ్మట అక్షరము విడిచి అక్షరమునకు. ఆ పిమ్మట లఘువు మొదటను ద్రుతము మొదటను. తుదకు ఆవర్తమున కొక్కటే, సమముపై. నడుమనున్న ఏడక్షరములను నేను ఒంటరిగ దాటి, ఆ చప్పుడు వచ్చుసరికి అచ్చట నుండవలెను. మొదట నేను పోయి దాని కొరకు కాచుకొనియుండెడివాడను. పిదప కొన్నాళ్ళు అది పోయిన తరువాత చేరెడివాడను. ఎట్టకేల కొకనాడు ఇరువురము ఒక్కమారే చేరితిమి. చప్పుడు నాకు వినబడలేదు. నా చేతిదెబ్బ క్రింద అది మునిగిపోయినది. యంత్రము ఆగిపోయినదనుకొని నేను సెల్‌ఫోనును తీసి చూచుటచే తరువాతి యావర్తము పాడైనది గాని, గురువుగారు దానిని లెక్కలోనికి దీసికొనలేదు.

ఆదితాళమున నేను కొంత నమ్మదగినవాడనైతినని రూఢి చేసికొని, ఆయన గత వారము మిశ్రచాపు ప్రారంభించిరి. ఏడక్షరములు, వానిని మూడుగను నాలుగుగను విరువవలెను, ఒక పాలు చిన్నది, ఒక పాలు పెద్దది, 'తకిట తకధిమి' యని కుంటుచు సాగవలెను. ఇన్నినాళ్ళు సమానముగ నడువుమని నన్ను శాసించిన మహానుభావుడే ఇప్పుడు కుంటుమనుట విని నా హృదయ ముప్పొంగెను. ఈ విద్యయందు నాకు మునుపే విశేషానుభవము గలదని, మొదటినుండియు దీనితోనే ప్రారంభించియున్నచో ఇరువురికిని శ్రమ తప్పియుండునని విన్నవించితిని.

"ఆ కుంటు వేరండీ బాబాయిగారూ," అనిరి గురువుగారు, మృదంగమునకు రవ్వ అద్దుకొనుచు. "మీది ఎప్పటికప్పుడు కొత్తది. ఇది ప్రతిసారీ అదే కుంటు కుంటాలి."